మత్తు వేరు, మొద్దుబారడం వేరు

పోయిన వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో మా మామయ్యకి బరువు తగ్గే ఆపరేషన్ చేశారు. మామయ్య బరువు 124 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, పక్కింటికి వినపడే గురక, అన్నీ ఉన్నాయి. మొదటి రాత్రి తోడుగా నేను ఉన్నాను.

రాత్రి పదకొండింటికి మామయ్య మూలగడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, ఏదైనా గట్టి ఇంజెక్షన్ ఇవ్వమనరా, హాయిగా పడుకుంటాను" అన్నాడు. వెళ్లి సిస్టర్‌ని పిలిచాను. ఆవిడ వచ్చి, నొప్పి పదికి ఎంత ఉందని అడిగింది. నాలుగన్నాడు. పారాసెటమాల్ సీసా ఎక్కించి, మంచం తల వైపు పైకి లేపి, గురక మెషీన్ మాస్కు సరిచేసి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇన్ని లక్షలు కట్టించుకుని జ్వరం మందు ఇస్తారా అని బయటికి వెళ్లి గొడవ పెట్టుకున్నాను.

పొద్దున వచ్చిన మత్తు డాక్టర్ గారికి ఆ సంగతి చేరినట్టుంది. నన్ను పక్కకి పిలిచి, కోప్పడకుండా ఒకే మాట చెప్పారు. "మీ మామయ్యకి నొప్పి తగ్గించడం నాకు పెద్ద పని కాదు బాబూ. తగ్గించాక తెల్లారేదాకా ఆయన ఊపిరి తీసుకుంటూ ఉండేలా చూడటం, అదీ పని."

ఆ మాట అర్థం చేసుకోవడానికి ఆ తర్వాత చదివిందే ఈ వ్యాసం. నేను ఈసీఈ వాడిని, డాక్టర్ని కాను. కానీ ఇందులో సగం మన సబ్జెక్టే అని చదువుతుంటే తెలిసింది. సిగ్నల్ ఎక్కడ పుడుతుంది, ఏ తీగ మీద వెళ్తుంది, ఎక్కడ ఆపితే తక్కువ నష్టం అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒకే మాట, మూడు పనులు

ముందుగా మన భాషలో ఉన్న ఒక చిక్కు. పన్ను పీకే ముందు డెంటిస్టు ఇచ్చేది మత్తు ఇంజెక్షన్ అంటాం. ఆపరేషన్ థియేటర్లో మనిషిని నిద్రపుచ్చేదీ మత్తే. గంజాయి, హెరాయిన్ లాంటివి మత్తు పదార్థాలు. మూడింటికీ ఒకటే మాట వాడేసరికి మూడూ ఒకటే అనుకుంటాం. నిజానికి ఇవి మూడు వేర్వేరు పనులు.

డెంటిస్టు ఇచ్చేది లోకల్ అనస్తీషియా. అది ఆ చోటుని మొద్దుబారుస్తుంది, మనిషి పూర్తి మెలకువలో ఉంటాడు. థియేటర్లో ఇచ్చేది జనరల్ అనస్తీషియా. అది మెదడుని నిద్రపుచ్చుతుంది. మూడోది ఓపియాయిడ్ జాతి. నల్లమందు, దాన్నుంచి వచ్చిన మార్ఫిన్, ఫ్యాక్టరీలో తయారయ్యే ఫెంటనిల్, ట్రమడాల్ ఈ కుటుంబానివి. హెరాయిన్ కూడా ఈ కుటుంబమే. ఇవి నొప్పి పుట్టే చోటుని ముట్టుకోకుండా, నొప్పి వార్త అందుకునే వెన్నుపాముని, మెదడుని మందగింపజేస్తాయి.

మన భాషలో చెప్పాలంటే ఓపియాయిడ్ రిసీవర్ వాల్యూమ్ తగ్గిస్తుంది. లోకల్ అనస్తీషియా సోర్సు దగ్గరే తీగ తెంపుతుంది, కొన్ని గంటల పాటు. మామయ్య అడిగింది మొదటిది. ఆయనకి థియేటర్లోనే ఇచ్చింది రెండోది. అది ఇచ్చారన్న సంగతి మా ఇద్దరికీ తెలియదు.

కడుపులో జరిగేదేమిటి

మామయ్యకి చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని చొక్కా చేతిలాంటి సన్నని గొట్టంలా స్టేపుల్ చేస్తారు. పొట్ట నిలువునా కొయ్యరు. నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టని గుడారంలా లేపి, కెమెరాతో చూస్తూ చేస్తారు. అందుకే చూసేవాళ్లకి చిన్న ఆపరేషన్‌లా కనిపిస్తుంది.

నొప్పి మాత్రం మూడు దారుల్లో వస్తుంది. మొదటిది రంధ్రాలు పెట్టిన చోట, చర్మం, కండరాల నుంచి. ఇది చురుక్కుమంటుంది, దగ్గితే గుచ్చుతుంది, వేలు పెట్టి ఇక్కడే అని చూపించగలం. రెండోది కోసిన జీర్ణాశయం నుంచి. దానికి చిరునామా ఉండదు, కడుపంతా పిండుతున్నట్టు ఉంటుంది, వికారంతో కలిసి వస్తుంది. మూడోది విచిత్రమైనది, భుజం నొప్పి. లోపల నింపిన గ్యాసు, పొట్ట సాగదీత డయాఫ్రమ్‌ని రేపుతాయి. డయాఫ్రమ్‌కి వెళ్లే నరం మెడలో, భుజం నరాల పక్కనే పుడుతుంది. మెదడు రెండు కనెక్షన్లనీ కలిపేసుకుని, నొప్పి భుజంలో ఉందనుకుంటుంది. మామయ్య ఆ రాత్రంతా "కడుపు కోస్తే భుజం లాగుతుందేంట్రా" అని అడుగుతూనే ఉన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఈ మూడు దారులు గుర్తు పెట్టుకోండి. లోకల్ అనస్తీషియా ఎంతవరకు పనిచేస్తుందో తేల్చేది ఇవే.

గట్టి ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదు

మార్ఫిన్‌ని నల్లమందు నుంచి విడదీసింది జర్మనీకి చెందిన సెర్ట్యూర్నర్, 1800ల మొదటి సంవత్సరాల్లో. రెండు వందల ఏళ్లు దాటినా తీవ్రమైన నొప్పికి ఆ కుటుంబాన్ని పూర్తిగా పక్కకి నెట్టే మందు రాలేదు. దాని బలం అది. ఇబ్బంది ఏమిటంటే, మార్ఫిన్ పట్టుకునే మ్యూ అనే రిసెప్టర్లు నొప్పి దారిలోనే కాదు, ఊపిరిని నడిపే మెదడు కాండంలోనూ ఉన్నాయి. పేగుల్లోనూ ఉన్నాయి.

మామూలుగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు కాండం వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది. ఇది చక్కటి ఫీడ్‌బ్యాక్ లూప్. ఓపియాయిడ్ ఈ లూప్ గెయిన్ తగ్గించేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా కంట్రోలర్ పట్టించుకోదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మామూలు మోతాదులో ఇది సర్దుకుపోతుంది. బాగా బరువున్న మనిషి సంగతి వేరు. వాళ్లలో చాలామందికి స్లీప్ ఆప్నియా ఉంటుంది. నిద్రలో గొంతు మెత్తబడి మూసుకుపోతుంది, కొన్ని సెకన్లు గాలి ఆడదు, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పెద్ద గురకతో మళ్లీ మొదలవుతుంది. ఆ ఉలికిపాటే రోజూ వాళ్లని కాపాడుతోంది. ఓపియాయిడ్ సరిగ్గా దాన్నే జోకొడుతుంది. పైగా వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు డయాఫ్రమ్ మీద పడి, ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి తగ్గిపోతుంది. అంటే బ్యాకప్ బ్యాటరీ కూడా చిన్నదే. మామయ్య హాయిగా పడుకోవడమే నేను కోరుకున్నాను. డాక్టర్ గారు భయపడింది ఆ హాయి నిద్రకే.

ఇంకా ఉంది. ఓపియాయిడ్లు వికారం, వాంతులు తెస్తాయి. కడుపులో కొత్త స్టేపుల్ వరుస ఉన్న మనిషికి వాంతులు ఎవరూ కోరుకోరు. పేగుల కదలిక నెమ్మదిస్తుంది. మగతగా ఉంటే మనిషి లేచి నడవడు. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లకి ఆ ప్రమాదం మొదటే ఎక్కువ.

పోనీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాడొచ్చు కదా? కొద్ది రోజులు జాగ్రత్తగా వాడే చోట్లు ఉన్నాయి. కానీ అవి జీర్ణాశయం పొరని దెబ్బతీస్తాయి. ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లకి కుట్టిన చోట పుండ్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి ఇంటికెళ్లాక వాటిని వాడొద్దంటారు. ఇలా ఒక్కో తలుపు మూసుకుంటూ వస్తే చేతిలో మిగిలే పెద్ద ఆయుధం లోకల్ అనస్తీషియానే.

ఆసుపత్రి దాటాక ఇంకో ప్రమాదం ఉంది. 2017లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, అంతకుముందు ఓపియాయిడ్లు వాడని మనుషులని ఆపరేషన్ తర్వాత గమనించింది. మూడు నెలలు దాటాక కూడా ఆ మాత్రలు వాడుతూ ఉన్నవాళ్లు దాదాపు 6 శాతం. ఆపరేషన్ చిన్నదైనా పెద్దదైనా ఈ అంకె పెద్దగా మారలేదు. ఆపరేషన్ చేయించుకోనివాళ్లలో అది 0.4 శాతమే. గాయం ఎప్పుడో మానింది, మందు మాత్రం మానలేదు. అలవాటు నొప్పి సైజుని బట్టి రావట్లేదన్నమాట.

తీగ తెంపే రసాయనం

నొప్పి సిగ్నల్ నరం వెంట వోల్టేజి అలలా నడుస్తుంది. విశ్రాంతిలో నరం లోపలి వైపు దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు. దెబ్బ తగలగానే పొరలో ఉన్న సోడియం చానెళ్లు తెరుచుకుని, సోడియం లోపలికి దూకి, వోల్టేజి తలకిందులవుతుంది. అది పక్క చానెల్‌ని లేపుతుంది, అది ఇంకోదాన్ని. లోకల్ అనస్తీషియా మందు ఈ సోడియం చానెల్లో కూర్చుంటుంది. అల అక్కడితో ఆగిపోతుంది. మెదడుకి వార్తే అందదు.

అందమైన విషయం ఏమిటంటే మందు చానెల్లోకి బయటి నుంచి దూరదు, లోపలి వైపు నుంచి వచ్చి పట్టుకుంటుంది. లోపలికి వెళ్లాలంటే నరం చుట్టూ ఉన్న కొవ్వు పొర దాటాలి. చార్జి ఉన్న అణువు కొవ్వు పొర దాటలేదు. చానెల్‌ని గట్టిగా పట్టుకునేదేమో చార్జి ఉన్న అణువే. అంటే మందు చార్జి విడిచి లోపలికి వెళ్లి, లోపల మళ్లీ చార్జి తగిలించుకోవాలి.

ఇక్కడ ఇంటర్ కెమిస్ట్రీ పనికొస్తుంది. లిగ్నోకెయిన్ పీకేఏ 7.9, ఒంటి పీహెచ్ 7.4. తేడా 0.5. పదిని 0.5 ఘాతానికి హెచ్చిస్తే సుమారు 3.16. అంటే చార్జి లేని అణువు ఒకటి ఉంటే చార్జి ఉన్నవి మూడుకి పైగా. మొత్తంలో నాలుగో వంతు లోపలికి దూరగలదు, అది చాలు. అదే చీము పట్టిన చోట పీహెచ్ 6.4కి పడిపోయిందనుకోండి. తేడా 1.5, నిష్పత్తి 31.6. లోపలికి దూరగలిగేది 3 శాతమే. చీముపట్టిన పన్ను పీకించుకున్నవాళ్లకి ఇంజెక్షన్ ఎందుకు సరిగ్గా పనిచెయ్యలేదో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ మందుల కథ మొదలైంది కొకెయిన్‌తో. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు కొకెయిన్ చుక్కలు కంట్లో వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. అదే కాలంలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ దాన్ని నరాల దగ్గర ఎక్కించి నొప్పి ఆపే పద్ధతులు కనిపెట్టాడు. ప్రయోగాలు తన మీద తానే చేసుకుని కొకెయిన్‌కి బానిసయ్యాడు. దాన్ని మాన్పించే ప్రయత్నంలో మార్ఫిన్ అలవాటైంది, అది జీవితాంతం వదల్లేదు. మత్తునీ మొద్దుబారడాన్నీ విడదీయాల్సిన అవసరం ఎంతుందో ఆయన జీవితమే చెబుతుంది.

ఆ విడదీత 20వ శతాబ్దంలో జరిగింది. 1905 ప్రాంతంలో ప్రొకెయిన్ వచ్చింది. 1943లో స్టాక్‌హోమ్‌లో లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్ తయారుచేశాడు. మన డెంటిస్టులు జైలోకెయిన్ అనేది దాన్నే. తర్వాత ఎక్కువసేపు నిలిచే బుపివకెయిన్, దానికంటే గుండెకి కాస్త భద్రమైన రోపివకెయిన్ వచ్చాయి. నరం దగ్గర పెట్టిన ఈ మందులకి ఎవరూ బానిస కారు. సంతోషం కలిగించే పని వీటికి లేదు.

ఎక్కడ ఎక్కిస్తారు

సులువైన పద్ధతి, రంధ్రం పెట్టే చోట చర్మం నుంచి లోపలి పొర దాకా మందు ఎక్కించడం. సర్జనే ఎక్కిస్తాడు. నిమిషాల పని, ఖర్చు చాలా తక్కువ.

రెండో పద్ధతి ట్యాప్ బ్లాక్. పొట్ట గోడలో పక్కవైపు మూడు కండరాల పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పొట్ట ముందు భాగానికి వెళ్లే నరాలు లోపలి రెండు పొరల మధ్య సందులో నడుస్తాయి. ఒకే డక్టులో కేబుళ్లన్నీ వేసినట్టు. ఆ సందులోకి మందు పోస్తే ఒక్కో రంధ్రం వెతక్కుండా ఆ వైపు కేబుళ్లన్నీ ఒకేసారి మూగబోతాయి. 2001లో మొదటిసారి దీన్ని వర్ణించినప్పుడు సూది పొరలు దాటే టక్‌మనే స్పర్శని బట్టి చోటు పోల్చేవారు. తర్వాత అల్ట్రాసౌండ్‌తో చూస్తూ చేయడం వచ్చింది. బరువు తగ్గే ఆపరేషన్లో రంధ్రాలు పొట్ట పైభాగంలో ఉంటాయి కాబట్టి పక్కటెముకల అంచు కింద ఎక్కిస్తారు.

లావుగా ఉన్న మనిషిలో ఇది కష్టమైన పని, కారణం మనకి తెలిసిన ఫిజిక్సే. ఫ్రీక్వెన్సీ పెరిగితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది కానీ తరంగం లోతుకి వెళ్లకుండానే క్షీణిస్తుంది. కొవ్వు పొర మందంగా ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ వాడాలి, అప్పుడు బొమ్మ మసకబారుతుంది. అందుకని కొందరు సర్జన్లు ఇంకో ఉపాయం చేస్తారు. కెమెరా ఎలాగూ పొట్ట లోపలే ఉంది కదా. సూది బయటి నుంచి వస్తుంటే లోపలి నుంచి చూస్తూ, మందు సరైన పొరలో ఉబ్బిందో లేదో పోల్చుకుంటారు. మామయ్యకి చేసింది ఇదేనని డాక్టర్ గారు చెప్పారు.

ఇవి కాక కడుపు లోపల మందు చిలకరించడం, వీపు వైపు వెన్నెముక పక్క కండరం కింద ఎక్కించడం, లిగ్నోకెయిన్‌నే రక్తనాళంలో సన్నగా ఎక్కించడం కూడా ఉన్నాయి. చివరిదానికి గుండె మీద కన్నేసి ఉంచాలి. మిగతావాటితో ఒకేసారి కలిపితే మోతాదు దాటిపోయే ప్రమాదం ఉంది.

లెక్క తప్పితే

మోతాదు లెక్క ఎలా ఉంటుందో చూడటానికి మామయ్య అంకెలు తీసుకుందాం. బుపివకెయిన్ కిలోకి 2 మిల్లీగ్రాములు హద్దు అనుకుందాం. 124 కిలోలకి 248 మిల్లీగ్రాములు వస్తుంది. కానీ పెరిగిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు. మందు రక్తంలోకి చేరగానే ముందు తగిలేది మెదడుకి, గుండెకి. అవి బరువుతో పాటు రెట్టింపు అవ్వవు. అందుకే ఆదర్శ బరువు లెక్కేస్తారు. ఎత్తులోంచి వంద తీసేసే మోటు సూత్రం ప్రకారం మామయ్యకి 65 కిలోలు. హద్దు 130 మిల్లీగ్రాములు.

సీసా మీద 0.25 శాతం అని ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లలో పావు గ్రాము, ఒక మిల్లీలీటరులో 2.5 మిల్లీగ్రాములు. 130ని 2.5తో భాగిస్తే 52 మిల్లీలీటర్లు. కుడివైపు 20, ఎడమవైపు 20, రంధ్రాలకి 12, అయిపోయింది. అసలు బరువుతో లెక్కేసి ఉంటే 99 మిల్లీలీటర్లు పోసేవాళ్లు.

ఎక్కువైతే ఏమవుతుంది? సోడియం చానెళ్లు మెదడులోనూ గుండెలోనూ ఉన్నాయి. మెలకువగా ఉన్న మనిషికి ముందు పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గుయ్‌మనే మోత. తర్వాత ఫిట్స్. ఇంకా ముదిరితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. బుపివకెయిన్ గుండె చానెల్‌ని పట్టుకుంటే త్వరగా వదలదు.

దీనికి విరుగుడు దొరికిన తీరు ఆశ్చర్యం. 1998లో అమెరికాలో గై వైన్‌బర్గ్ బృందం, నోటితో తినలేని రోగులకి ఆహారంగా ఎక్కించే తెల్లటి నూనె ద్రావణం ముందుగా ఇస్తే ఎలుకల గుండెలు ఎక్కువ బుపివకెయిన్‌ని తట్టుకుంటున్నాయని చూపించింది. 2006 నాటికి అది మనుషుల్ని బతికించిన నివేదికలు వచ్చాయి. కొవ్వులో కరిగే మందుని నూనె చుక్కలు మోసుకుని గుండె నుంచి దూరంగా తీసుకెళ్తాయి. ఇప్పుడు బ్లాకులు ఇచ్చే చోట ఆ సీసా అందుబాటులో ఉండాలన్నది నియమం.

పనిచేస్తుందా, ఎంత?

పనిచేస్తుంది, కానీ అద్భుతం కాదు. బరువు తగ్గే ఆపరేషన్లలో ట్యాప్ బ్లాక్ మీద చేసిన ప్రయోగాలని కలిపి చూస్తే మొదటి రోజు నొప్పి, ఓపియాయిడ్ వాడకం తగ్గుతున్నాయి. అయితే రంధ్రాల దగ్గర మందు సరిగ్గా ఎక్కించి, పారాసెటమాల్ టైముకి ఇస్తే, ఆ పైన బ్లాక్ వల్ల వచ్చే అదనపు లాభం చిన్నదే.

కారణం ఆ మూడు దారులే. పొట్ట గోడ కేబుళ్లు తెంపితే మొదటి నొప్పి పోతుంది. కోసిన జీర్ణాశయం నుంచి వచ్చేది వేరే తీగల మీద వెళ్తుంది, భుజం నొప్పి ఇంకో తీగ మీద. వాటిని ట్యాప్ బ్లాక్ ముట్టుకోదు. మామయ్య పదికి నాలుగన్నాడే, అది ఆ రెండిటి నొప్పి. తొమ్మిది కాకుండా నాలుగు దగ్గర ఆగిందంటే అందులో తెగిన తీగ వాటా ఉంది.

ఇంకో హద్దు సమయం. బుపివకెయిన్ కొన్ని గంటలే నిలుస్తుంది. అందుకని మందుని సన్నని కొవ్వు బుడగల్లో దాచి నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన రకానికి 2011లో అమెరికా అనుమతి వచ్చింది. మూడు రోజులు పనిచేస్తుందన్న ఆశతో వచ్చిన ఖరీదైన మందు. 2021లో వచ్చిన సమీక్షల్లో మామూలు బుపివకెయిన్‌తో పోలిస్తే రోగికి తెలిసేంత తేడా కనపడలేదు. ఖరీదు ఎక్కువ కాబట్టి మంచిదే అయి ఉంటుందనుకోవడం ఇక్కడా తప్పింది.

అందుకే ఇప్పటి పద్ధతి ఒక్క మందుని నమ్ముకోదు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల నుంచి చెబుతున్నది ఇదే. ఒక్కో దారికి ఒక్కో చిన్న అడ్డు వెయ్యాలి. గోడకి లోకల్, వాపుకి డెక్సామెథసోన్, రోజంతా పారాసెటమాల్, అన్నీ చేశాక ఇంకా భరించలేకపోతే కొద్దిగా ఓపియాయిడ్. అసలు ఓపియాయిడే వద్దని పట్టుబట్టడం కూడా ప్రమాదమే. ఫ్రాన్స్‌లో ఓపియాయిడ్ బదులు డెక్స్‌మెడిటొమిడిన్ వాడి చూసిన ప్రయోగాన్ని కొందరి గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి.

ఇంకో సంగతి చెప్పకపోతే వ్యాసం ఒకవైపే అవుతుంది. ఓపియాయిడ్ అంటే అమెరికాకి ఉన్న భయం వేరు. 1996లో ఆక్సికాంటిన్ మార్కెట్లోకి వచ్చాక మాత్రలు విచ్చలవిడిగా రాసి, అలవాటు చేసి, వేలమందిని పోగొట్టుకున్న దేశం అది. మన కథ దాదాపు తలకిందులు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండిస్తాం. అయినా 1985 చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కులతో క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లకి కూడా మార్ఫిన్ దొరకని పరిస్థితి ఏళ్ల తరబడి నడిచింది. 2014లో చట్టం సవరించి కాస్త సులువు చేశారు. కాబట్టి మామయ్యకి వద్దన్న మందు, వేరే మంచం మీద ఉన్న తాతయ్యకి హక్కు కావచ్చు.

తోడుగా ఉండేవాళ్లకి

మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రిలో తోడుగా పడుకోవాల్సినవాళ్లమే. నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు చెప్తాను.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. గురక మెషీన్ ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పన్ను ఇంజెక్షన్‌కి ఎప్పుడైనా తేడా చేసి ఉంటే అదీ చెప్పండి.

రోగి తానే నొక్కుకునే నొప్పి మందు బటన్ ఇస్తే, జాలిపడి మీరు నొక్కకండి. మగతగా ఉన్న మనిషి బటన్ నొక్కడు, అందులో ఉన్న రక్షణ అదే.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర జేబులోంచి తీసి ఇవ్వకండి.

పిలిస్తే పలకనంత మగత, ఊపిరి మధ్యలో ఆగి గరగరమంటూ మొదలవడం కనిపిస్తే వెంటనే సిస్టర్‌ని పిలవండి. తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, గుండె దడ తగ్గకపోయినా పిలవండి. స్టేపుల్ వరుస లీకయితే మొదట తెలిసేది అలాగే. నొప్పిని భరించగలిగేంతకి దించడమే మందు పని, అలారం వైరు పీకెయ్యడం కాదు.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి మామయ్య సెలైన్ స్టాండు పట్టుకుని కారిడార్లో నాలుగు రౌండ్లు కొట్టాడు. భుజం నొప్పి రెండో రోజుకి తగ్గింది. మూడో రోజు ఇంటికి వెళ్లేటప్పుడు ఆ సిస్టర్ డ్యూటీలో ఉందేమోనని చూశాను. ఉంది. సారీ చెప్పాను. "ఫర్వాలేదు, అందరూ అరుస్తారు" అని నవ్వి, చేతిలో మందుల చీటీ పెట్టింది. అందులో పారాసెటమాల్ ఉంది, ట్రమడాల్ లేదు.